గుణించే ముందు: స్వతంత్ర ఘటనలు, పరతంత్ర ఘటనలు

సంభావ్యతా ప్రశ్నలో రెండు భిన్నాలు కనబడిన తక్షణమే వాటిని గుణించి సమాధానం వ్రాసివేయడం మన విద్యార్థులలో బాగా పాతుకొనిపోయిన అలవాటు. పాఠ్యపుస్తకంలోని లెక్కలలో ఇది చాలా సందర్భాలలో ఫలిస్తుంది కూడా. ఫలించడం చేతనే ఈ అలవాటు మరింత ప్రమాదకరమైనది. గుణకారం ఎక్కడ చెల్లుతుంది, ఎక్కడ చెల్లదు, చెల్లనిచోట ఏమి చేయవలె అన్నదే ఈ వ్యాసంలోని విషయం. గణితం ఐచ్ఛికాంశంగా లేని విద్యార్థులు కూడా చదువగలిగేట్లు గుర్తులను వీలైనంత తక్కువగా వాడుతున్నాను. భిన్నాలను గుణించడం వచ్చి ఉంటే చాలును.

తాటిచెట్టుపై కాకి వాలింది. అదే క్షణంలో తాటిపండు రాలింది. చూచినవాడు కాకి వాలినందువల్లనే పండు రాలిందని భ్రమపడినాడు. ఇటువంటిదానికి మన పూర్వులు కాకతాళీయమని పేరు పెట్టినారు. ఉర్దూలో ‘ఇత్తెఫాఖ్’ అనే మాటకు అనుకోకుండా జరగడమనీ, ఏకీభవించడమనీ రెండర్థాలున్నవి. రెండు ఘటనలు ఒకేసారి కలిసి వచ్చినంత మాత్రాన వాటి నడుమ సంబంధమున్నట్లు కాదని ఈ రెండు మాటలూ చెప్పకయే చెప్పుచున్నవి. అయితే ‘సంబంధం’ అన్నది చాలా వదులైన పదం. గణితశాస్త్రం దీనిని బిగించి ఇట్లా చెబుతుంది: ఒక ఘటన జరిగినదని మనకు తెలిసిన తరువాత కూడా రెండవ ఘటన సంభావ్యత మునుపటివలెనే ఉన్నచో ఆ రెండూ స్వతంత్ర ఘటనలు. తెలిసినందువల్ల ఆ సంభావ్యత పెరిగినా, తగ్గినా అవి పరతంత్ర ఘటనలు. ఈ నిర్వచనంలో ముఖ్యమైన మాట ‘తెలిసిన తరువాత’ అన్నది. దీని ప్రాముఖ్యం మున్ముందు స్పష్టమవుతుంది.

ఒక సంచిలో ఐదు ఎర్ర గోళీలు, మూడు తెల్ల గోళీలు ఉన్నవనుకొందాం. కళ్ళు మూసుకొని ఒకటి తీస్తే అది ఎర్రది కావడానికి సంభావ్యత 5/8. దానిని తిరిగి సంచిలో వేసి, బాగా కలిపి రెండవసారి తీస్తే అప్పుడూ 5/8. మొదట ఏది వచ్చినదో సంచికి జ్ఞాపకం ఉండదు. రెండుసార్లూ ఎర్రదే రావడానికి సంభావ్యత 5/8 × 5/8, అనగా 25/64. మొదటి గోళీని తిరిగి వేయకుండా జేబులో వేసుకొన్నామనుకొందాం. మొదటిది ఎర్రదైతే సంచిలో మిగిలినవి నాలుగు ఎర్రవి, మూడు తెల్లవి. కాబట్టి రెండవది ఎర్రది కావడానికి సంభావ్యత 4/7. రెండూ ఎర్రవి కావడానికి 5/8 × 4/7, అనగా 5/14. ఇక్కడా గుణించినాము. కాని రెండవ భిన్నాన్ని మొదటి ఘటన జరిగినదన్న షరతుకు లోబడి సవరించి గుణించినాము. దీనినే షరతుతో కూడిన సంభావ్యత అంటారు. సర్వత్రా చెల్లే సూత్రం ఇదొక్కటే: క, గ అనే రెండు ఘటనలూ జరగడానికి సంభావ్యత, క జరగడానికి సంభావ్యతను, క జరిగినదన్న షరతుపై గ జరగడానికి సంభావ్యత చేత గుణించగా వచ్చిన ఫలం. స్వతంత్ర ఘటనల విషయంలో ఆ షరతు వల్ల మార్పేమీ ఉండదు కాబట్టి దానిని ప్రస్తావించకుండా విడిచిపెడుతున్నాము. విద్యార్థి విడిచిపెట్టడం నేర్చుకొన్నాడు గాని ఎందుకు విడిచిపెట్టినామో మరచినాడు.

ఇదే సంచిని గురించి మరొక ప్రశ్న. గోళీని తిరిగి వేయలేదు. మొదటిది ఏ రంగుదో మనకు చూపలేదు. రెండవది ఎర్రది కావడానికి సంభావ్యత ఎంత? చాలామంది తగ్గుతుందంటారు. లెక్క వేద్దాం. మొదటిది ఎర్రదై రెండవదీ ఎర్రది కావడానికి 20/56. మొదటిది తెల్లదై రెండవది ఎర్రది కావడానికి 3/8 × 5/7, అనగా 15/56. మొత్తం 35/56, అనగా మళ్ళీ 5/8. ఏమీ మారలేదు! వసతి గృహంలో గదులకోసం చీటీలు తీసేటప్పుడు ‘నేను ముందు, నేను ముందు’ అని త్రోసుకొనే మిత్రులు ఈ లెక్కను రెండుసార్లు చదువవలెనని కోరుతున్నాను. చివర తీసేవానికి ఏ నష్టమూ లేదు. మొదటివాని చీటీ విప్పి చూచినప్పుడే మన సంభావ్యత మారుతుంది. పరతంత్రత అనేది వస్తువులలోనే కాక మనకు తెలిసిన సమాచారంలో కూడా ఉన్నదని దీనివల్ల గ్రహించవచ్చును.

మరొక పొరపాటు. ‘పరస్పర వివర్జిత ఘటనలు’, ‘స్వతంత్ర ఘటనలు’ అన్న రెండింటినీ ఒకటే అనుకోవడం. ఒకదానితో ఒకటి కలవనివి కాబట్టి స్వతంత్రమైనవే కదా అని వాదిస్తారు. నిజానికి ఇవి రెండు ధ్రువాలు. నాణెం ఎగురవేస్తే బొమ్మ పడిందని తెలిసిన మరుక్షణం బొరుసు సంభావ్యత సగం నుండి సున్నకు పడిపోతుంది. ఇంతకు మించిన పరాధీనత మరేమున్నది? ఇందుకు విరుద్ధంగా, ఒకే పాచికపై రెండు ఘటనలు స్వతంత్రంగా ఉండవచ్చును. సరిసంఖ్య పడడం ఒక ఘటన; దాని సంభావ్యత 1/2. నాలుగు గాని అంతకు తక్కువ గాని పడడం రెండవ ఘటన. దాని సంభావ్యత 2/3. రెండూ జరగవలెనంటే 2 గాని 4 గాని పడవలె. సంభావ్యత 2/6, అనగా 1/3. ఇది 1/2 × 2/3కు సమానం. కాబట్టి స్వతంత్రాలు. ఆ ‘నాలుగు’ను ‘మూడు’గా మార్చి చూడండి. రెండూ జరగడానికి ఒక్క 2 మాత్రమే మిగులుతుంది, సంభావ్యత 1/6. లబ్ధం మాత్రం 1/4. స్వతంత్రత పోయింది. స్వతంత్రతను కంటితో చూచి చెప్పరాదు, లెక్క కట్టి చూడవలె అనడానికి ఇంతకంటె చిన్న ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇంతవరకు సంచులు, పాచికలు. ఇక మనుష్యులు.

1913వ సంవత్సరం ఆగస్టు 18న మాంటికార్లోలోని జూదశాలలో రూలెట్ చక్రంపై నలుపు వరుసగా 26 సార్లు పడింది. నలుపు పడుతున్నకొద్దీ, ఇక ఎరుపు రాక తప్పదని నమ్మినవారు పందెం పెంచుకొంటూ పోయి పెద్ద మొత్తాలు పోగొట్టుకొన్నారు. ఆ చక్రంపై 37 గళ్ళుంటే 18 నల్లనివి. ఆట మొదలు కాకమునుపు ‘వరుసగా 26 సార్లు నలుపు’ అన్నదానికి సంభావ్యత 18/37ను 26 సార్లు గుణించగా సుమారు 13 కోట్ల 70 లక్షలలో ఒకటి. కాని 26 సార్లు పడిపోయిన తరువాత 27వ సారి నలుపుకు సంభావ్యత? మళ్ళీ అదే 18/37. జరిగిపోయినది జరిగిపోయినది, దానిని మళ్ళీ గుణించరాదు. ఇక్కడ పొరపాటు, స్వతంత్రమైన దానిని పరతంత్రమని భ్రమించడం.

ఈ భ్రమ జూదశాలకే పరిమితమైతే మనకు చింత లేదు. కాని ఇది మన ఇళ్ళలో ఉన్నది. ముగ్గురు ఆడపిల్లలు పుట్టిన ఇంట ‘ఈసారి తప్పక మగబిడ్డే’ అని పెద్దలు ధైర్యం చెబుతారు; ఆ కోడలు మరొక కాన్పుకు సిద్ధపడుతుంది. ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్ 1814లో ప్రచురించిన తన తాత్త్విక వ్యాసంలో, కుమారునికై తపించే తండ్రులు ఆ నెలలో ఊరిలో ఎందరు మగపిల్లలు పుట్టినారో లెక్కబెట్టుకొని, మగవారు ఎక్కువైతే తమకు ఆడపిల్ల పుట్టునేమోనని కలవరపడడాన్ని వర్ణించినాడు. రెండు వందల ఏండ్లు దాటినా ఆ తండ్రులు మన వీధిలో కనబడుచున్నారు. నాల్గవ కాన్పుకు మొదటి మూడు కాన్పుల జ్ఞాపకం ఉండదు. సంభావ్యత సుమారు సగమే.

దీనికి సరిగా వ్యతిరేకమైనది రెండవ పొరపాటు: పరతంత్రమైన వాటిని స్వతంత్రాలుగా తలచి గుణించడం. నా అభిప్రాయంలో ఇదే ఎక్కువ హానికరం. మొదటిదానిలో మనిషి సాధారణంగా తన సొమ్ము పోగొట్టుకొంటాడు. రెండవదానిలో ఇతరుల ప్రాణాలకే ముప్పు రావచ్చును.

మన ప్రాంతపు గొలుసుకట్టు చెరువులను తీసుకొందాం. ఎగువ చెరువు నిండి అలుగు పారితే ఆ నీరు దిగువ చెరువుకు చేరుతుంది. ఒక గొలుసులో మూడు చెరువులున్నవనీ, ఏ ఒక్క చెరువు కట్ట అయినా ఒక సంవత్సరంలో తెగడానికి సంభావ్యత 1/50 అనీ ఊహిద్దాం. మూడూ తెగడానికి? అలవాటు చొప్పున గుణిస్తే 1,25,000లో ఒకటి. నిశ్చింతగా నిద్రపోవచ్చును! కాని ఎగువ కట్ట తెగితే ఆ చెరువు నీరంతా ఒక్కసారిగా రెండవ చెరువు మీద పడుతుంది. అప్పుడది తెగడానికి సంభావ్యత 1/2 అనీ, రెండూ తెగిన తరువాత మూడవది తెగడానికి 4/5 అనీ అనుకొంటే లబ్ధం 1/50 × 1/2 × 4/5, అనగా 125లో ఒకటి. పై అంచనాకు వేయి రెట్లు! ఈ అంకెలు నేను కల్పించినవే. కాని విషయం కల్పితం కాదు. 1908 సెప్టెంబరు 28న హైదరాబాదు నగరాన్ని ముంచెత్తి వేలాదిమందిని పొట్టనబెట్టుకొన్న మూసీ వరదకు కారణాలను మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు పరిశీలించినప్పుడు, ఆ పరీవాహక ప్రాంతంలోని 788 చెరువులలో 221 తెగిపోయినవని తేలింది. ఒక్కొక్క కట్ట తన ఖర్మాన తాను తెగినది కాదు. ఆ తరువాత ఆయన సూచనల ననుసరించి నగరానికి ఎగువన వరద నీటిని నిలుపగల పెద్ద జలాశయాలు నిర్మించినారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తి అయినవి.

ఇందులో మరొక సూక్ష్మమున్నది. ఒకే గొలుసులో లేని చెరువులు కూడా ఆనాడు కలిసి తెగినవి. ఒకదాని నీరు మరొకదానిలో పడలేదు గాని రెండింటిపై ఒకే వాన కురిసింది. పరతంత్రతకు ఒకటి మరొకదానికి కారణం కానక్కరలేదు. రెండింటికీ ఉమ్మడి కారణమున్నా చాలును. ఇద్దరు విద్యార్థుల జవాబు పత్రాలలో ఒకే విచిత్రమైన తప్పు కనబడితే ఒకరిని చూచి ఒకరు వ్రాసినారని తొందరపడి తీర్మానించరాదు. ఇద్దరూ ఒకే గైడు చదివి ఉండవచ్చును. (గైడుల విషయంలో నా అభిప్రాయం మన విద్యార్థులకు తెలిసినదే, ఇక్కడ విస్తరించను.)

న్యాయస్థానాలలో ఈ పొరపాటు ఎంత దూరం పోగలదో చూడండి. 1964లో అమెరికాలోని లాస్ ఏంజలస్ ప్రాంతంలో జరిగిన ఒక చేతిసంచి దొంగతనం కేసులో ప్రాసిక్యూషన్ వారు నేరస్థుల లక్షణాలకు ఇట్లా అంకెలు వేసినారు: పసుపు రంగు కారు 1/10, మీసమున్న పురుషుడు 1/4, జుట్టును వెనుకకు ముడిచిన యువతి 1/10, బంగారు రంగు జుట్టు గల యువతి 1/3, గడ్డమున్న నల్లజాతి పురుషుడు 1/10, భిన్నజాతుల దంపతులు కారులో ఉండడం 1/1000. అన్నింటినీ గుణించి ఒకటి కోటీ ఇరవై లక్షలలో ఒకటి అన్నారు. జ్యూరీ శిక్షకు ఒప్పుకొంది. ఈ అంకెలకే ఆధారం లేదు. అవి సరియైనవే అనుకొన్నా, గడ్డం పెంచినవారిలో చాలామందికి మీసం కూడా ఉంటుంది కదా! నల్లజాతి పురుషుడు, బంగారు జుట్టు యువతి అని చెప్పిన తరువాత భిన్నజాతుల దంపతులని మళ్ళీ లెక్కించడం ఒకే విషయాన్ని రెండుసార్లు గుణించడమే. 1968లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టివేసింది.

ముప్పై ఏండ్ల తరువాత ఇంగ్లండులో అదే జరిగింది. శాలీ క్లార్క్ అనే న్యాయవాదికి 1996లో మొదటి కుమారుడు, 1998లో రెండవ కుమారుడు పసికందులుగానే అకస్మాత్తుగా మరణించినారు. తల్లియే చంపినదని ఆమెపై నేరం మోపినారు. విచారణలో ఒక ప్రసిద్ధ శిశువైద్య నిపుణుడు, ఆమె వంటి స్థితిమంతుల కుటుంబంలో శిశువు కారణం తెలియకుండా ఆకస్మికంగా మరణించడానికి సంభావ్యత 8,543లో ఒకటి అనీ, అట్లా ఇద్దరు మరణించడానికి దానిని దానితోనే గుణించగా సుమారు 7 కోట్ల 30 లక్షలలో ఒకటి అనీ సాక్ష్యమిచ్చినాడు. 1999 నవంబరులో ఆమెకు యావజ్జీవ శిక్ష పడింది. ఆ గుణకారం చెల్లవలెనంటే మొదటి బిడ్డ మరణం రెండవ బిడ్డ సంభావ్యతను ఏమాత్రమూ మార్చరాదు. ఒకే తల్లిదండ్రులు, ఒకే ఇల్లు, ఒకే వంశపారంపర్య గుణాలు గల అన్నదమ్ముల విషయంలో ఈ మాట ఎవరు చెప్పగలరు? ఉదాహరణకు, ఒక బిడ్డ అట్లా పోయిన ఇంట రెండవ బిడ్డకు ఆ ప్రమాదం 100లో ఒకటి అనుకొంటే ఏడు కోట్ల ముప్పై లక్షలు కాస్తా ఎనిమిదిన్నర లక్షలకు దిగుతుంది.

అంతటితో ఆగదు. ‘ఇద్దరు శిశువులు సహజంగా మరణించడం బహు అరుదు’ అన్న మాటను ‘కాబట్టి ఈమె నిర్దోషి కావడం బహు అరుదు’ అని తిప్పి చదివినారు. ఈ రెండూ ఒకటి కావు. కన్నతల్లి ఇద్దరు బిడ్డలను వరుసగా చంపడం కూడా బహు అరుదే. ఆ రెండు అరుదులనూ ప్రక్క ప్రక్కన పెట్టి పోల్చవలె. షరతును తారుమారు చేస్తే సంభావ్యత మారిపోతుంది: వాన పడితే నేల తడవడం దాదాపు నిశ్చయం, నేల తడిసి ఉంటే వాన పడిందనడం నిశ్చయం కాదు, ఎవరో కళ్ళాపి చల్లి ఉండవచ్చును. 2001 అక్టోబరులో రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ వారు ఆ అంకెకు గణాంక శాస్త్రరీత్యా ఆధారం లేదని బహిరంగంగా ప్రకటించినారు. 2003 జనవరిలో రెండవ అప్పీలుపై ఆమె విడుదలైంది. అందుకు ముఖ్యకారణం రెండవ శిశువుకు సంబంధించిన పరీక్షా ఫలితాలను ప్రతివాదులకు తెలుపకపోవడమైనా, ఆ అంకెను జ్యూరీ ముందుంచి ఉండరాదని న్యాయమూర్తులు అభిప్రాయపడినారు. ఆమె ఆ దెబ్బనుండి కోలుకోలేదు. 2007లో మరణించింది.

పరతంత్రత ఎప్పుడూ కీడే చేస్తుందని తలచరాదు. భాష అంతా దానిపైననే నడుస్తుంది. తొమ్మిదవ శతాబ్దంలో బాగ్దాదులోని అల్‌కిందీ, రహస్యలిపిలో వ్రాసిన సందేశాన్ని ఛేదించడానికి ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో లెక్కబెట్టే పద్ధతిని వివరించినాడు. వెయ్యేండ్ల తరువాత, 1913లో, రష్యన్ గణితవేత్త మార్కోవ్ మరొక అడుగు ముందుకు వేసినాడు. పుష్కిన్ పద్యనవల ‘యెవ్‌గేనీ ఒనేగిన్’ నుండి వరుసగా 20,000 అక్షరాలు తీసుకొని ఏది అచ్చో ఏది హల్లో చేతితో లెక్కించినాడు. అచ్చులు 8,638, అనగా నూటికి సుమారు 43. అక్షరాలు స్వతంత్రమైనవైతే అచ్చు తరువాత అచ్చు కూడా నూటికి 43 సార్లు రావలె. వచ్చినది సుమారు 13 సార్లు మాత్రమే. హల్లు తరువాత అచ్చు వచ్చినది సుమారు 66 సార్లు. ఘటనలు స్వతంత్రమైనవి కాకపోతే దీర్ఘకాలిక సగటులు స్థిరపడవని వాదించిన నెక్రాసోవ్ అనే సమకాలికునికి జవాబుగా మార్కోవ్ ఈ మార్గంలో పరిశోధన సాగించినాడు. పరతంత్ర ఘటనల వరుసలు కూడా నియమబద్ధమైనవేనని నిరూపించినాడు. నేడు మన చేతిఫోనులో ఒక మాట టైపు చేయగానే తరువాతి మాటను అది సూచించడం ఈ ఆలోచనకు దూరపు సంతానమే.

మన తెలుగులో లెక్కిస్తే ఫలితం ఇంకా తీవ్రంగా ఉంటుందని నా నమ్మకం. ఎందువల్లననగా అచ్చుకు అచ్చు పరమైతే సంధి జరుగుతుంది, జరగనిచోట సాధారణంగా యడాగమం వస్తుంది. కాబట్టి అచ్చు వెంట అచ్చు దాదాపు రానే రాదు. సంధి సూత్రాలను వల్లించలేక విసిగిన విద్యార్థులు వాటిని షరతుతో కూడిన సంభావ్యతలుగా చూడవచ్చును!

ఉత్సాహం గలవారికి మూడు ప్రశ్నలు.

ఒకటి. 52 ముక్కల పేక నుండి ఒకటి తీసినారు. (పేకాటను ప్రోత్సహించుచున్నానని కళాశాల కమిటీ పెద్దలు భావింపరని ఆశిస్తాను, గణితానికి ఇది పాత ఉపకరణం.) అది రాజు కావడం, అది ఆఠీను కావడం స్వతంత్ర ఘటనలని చూపండి. పేకలో నుండి ఇస్పేటు రెండు ఒక్కటి పోయినదనుకొని మళ్ళీ లెక్క కట్టండి. రాజూ కాని, ఆఠీనూ కాని ఆ ఒక్క ముక్క పోవడంతో స్వతంత్రత ఎందుకు చెడిందో ఆలోచించండి.

రెండు. రెండు నాణేలు ఎగురవేసినారు. మొదటిది బొమ్మ కావడం, రెండవది బొమ్మ కావడం, రెండూ ఒకే రకంగా పడడం అనేవి మూడు ఘటనలు. వీటిలో ఏ రెండింటిని తీసుకొన్నా స్వతంత్రాలే. మూడింటినీ కలిపి చూస్తే కావు. నిరూపించండి.

మూడు. తెలుగు వాచకంలో ఏదైనా ఒక పుట తీసుకొని, లిపిని కాక ధ్వనిని బట్టి వెయ్యి అచ్చులను, హల్లులను వరుసగా వ్రాయండి. ‘కమల’ అన్నచో క్, అ, మ్, అ, ల్, అ అని. సున్నను హల్లుగా లెక్కించండి. మార్కోవ్ లెక్కించినట్లే అచ్చు వెంట అచ్చు, హల్లు వెంట అచ్చు నూటికి ఎన్నిసార్లు వచ్చినవో పట్టిక వేయండి. ఉర్దూ మాధ్యమం మిత్రులు ఇదే పనిని ఉర్దూ పుటతో చేసి, రెండు పట్టికలనూ ప్రక్క ప్రక్కన ఉంచితే వచ్చే సంవత్సరపు సంచికకు మంచి వ్యాసం అవుతుంది.